గాయపడిన తార వెల: తెలుగు టైటాన్స్ – పవన్ సెహ్రావత్ కొనుగోలుపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
గాయం నుంచి కోలుకున్న అగ్రశ్రేణి ఆటగాణ్ణి భారీ ధరకు కొనాలా, వద్దా అన్న ప్రశ్న ప్రతి వృత్తిక్రీడా లీగ్‌లోనూ ఎదురయ్యేదే. 2023లో తెలుగు టైటాన్స్ కబడ్డీ జట్టు పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్ల రూపాయలకు కొన్న సందర్భాన్ని ప్రధానంగా తీసుకొని, మంచు హాకీ, క్రికెట్ రంగాల్లోని రెండు బదిలీలతో పోల్చి, ఇటువంటి కొనుగోలులో తూచవలసినది ఆటగాడి మోకాలినా, అతని చుట్టూ ఉన్న జట్టునా అన్న విషయాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: కబడ్డీ, వేలం, గాయం, పర్సు, తెలుగు టైటాన్స్, పవన్ సెహ్రావత్, ఆటగాళ్ల బదిలీ.

ఉపోద్ఘాతం:
సిద్దిపేట జిల్లా చింతమడక తెలంగాణ తొలి ముఖ్యమంత్రి పుట్టిన ఊరుగా లోకానికి తెలుసు. అటువంటి పల్లెల్లో చెడుగుడు ఆడడానికి చదునైన నేల, గీత గీయడానికి ఇంత ముగ్గు ఉంటే చాలు. కూతకు వెళ్లే పిల్లవాడి కాలు బెణికితే మరొకడు బరిలోకి దిగుతాడు. దెబ్బ తగిలినవాడు గట్టున కూర్చొని కేకలు వేస్తాడు. నష్టం ఆ పూటతో సరి. అదే ఆట 2014లో ప్రో కబడ్డీ లీగ్ రూపంలో మట్టి మీది నుంచి మ్యాట్ మీదికి మారినప్పుడు, ఆటగాడి కాలికి వెల ఏర్పడింది. వెల ఏర్పడిన వెంటనే ఆ కాలు విరిగితే ఎవరు భరించాలన్న ప్రశ్న కూడా పుట్టింది.

పశువుల అంగడిలో ఎద్దును కొనే రైతు పళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అయితే అనుభవం ఉన్న రైతు అంతకుముందే మరొక సంగతి ఆలోచించుకొని వస్తాడు: ఇంట్లో ఉన్న రెండో ఎద్దుకు ఇది జోడవుతుందా? క్రీడావార్తలు రాసేవారు, అభిమానులు మొదటి పరీక్ష గురించి ఎంతో చర్చిస్తారు. రెండోదానిని దాదాపు పట్టించుకోరు. తెలుగు టైటాన్స్ అనుభవం ఈ రెండో పరీక్షకు సంబంధించినదని నా అభిప్రాయం.

మోకాలు, దాని చరిత్ర:
పవన్ సెహ్రావత్ బెంగళూరు బుల్స్ తరఫున 2019 జనవరిలో ఆరో సీజన్ టైటిల్ గెలిచాడు. ఆ సీజన్‌లో 271, ఏడో సీజన్‌లో 346, ఎనిమిదో సీజన్‌లో 304 రైడ్ పాయింట్లతో వరుసగా మూడుసార్లు రైడర్ల పట్టికలో అగ్రస్థానంలో నిలిచాడు. అతని ఆటకు ప్రాణం ఎగరడం. పట్టుకోవడానికి వంగిన రక్షకుల మీదుగా దూకి మధ్యగీత చేరుకోవడం వల్లనే అతనికి 'హై ఫ్లయర్' అన్న పేరు వచ్చింది. ఎగిరినవాడు కింద పడక తప్పదు. శరీరభారమంతా ఒంటికాలి మీద పడి, అదే క్షణంలో దేహం పక్కకు తిరిగితే మోకాలిలోని స్నాయువులు తెగే ప్రమాదం ఎక్కువని క్రీడావైద్యులు చెబుతారు. అతని ప్రత్యేకతా, అతని ప్రమాదమూ ఒకే కీలులో ఉన్నాయన్నమాట.

2022లో తొమ్మిదో సీజన్ వేలంలో తమిళ్ తలైవాస్ అతన్ని 2.26 కోట్లకు కొన్నది. అప్పటికి లీగ్ చరిత్రలో అదే అత్యధిక ధర. 2022 అక్టోబరు 8న గుజరాత్ జెయింట్స్‌తో జరిగిన తొలి మ్యాచ్‌లోనే పవన్ మోకాలికి గాయమైంది. విశేషమేమిటంటే ఆ గాయం రైడ్‌లో తగిలినది కాదు. ప్రత్యర్థిని పట్టబోయినప్పుడు తగిలింది. మిగతా సీజన్ మొత్తానికీ అతను దూరమయ్యాడు. ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా ఆడని ఆటగాడికి జట్టు తన పర్సులో సగానికి పైగా వెచ్చించినట్లయింది.

ఇటువంటి గాయాన్ని కొనుగోలుదారు ఎలా చదవాలి? కండరం పట్టేయడం, వేలు బెణకడం వంటివి మానితే మానినట్లే. మోకాలి స్నాయువు సంగతి వేరు. శస్త్రచికిత్స అవసరమైన సందర్భాల్లో పునరావాసానికి సాధారణంగా తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. కాలు మానినా, మానిందన్న నమ్మకం మనసుకు కలగడానికి మరికొంత కాలం పడుతుంది. ఆకస్మికంగా దిశ మార్చే ఆటల్లోకి తిరిగివచ్చినవారికి అదే మోకాలికో, రెండో మోకాలికో మళ్లీ గాయమయ్యే అవకాశం ఇతరులకంటే ఎక్కువ. కబడ్డీ అచ్చంగా దిశ మార్చే ఆట.

పవన్ విషయంలో మాత్రం సందేహ నివృత్తికి బహిరంగమైన ఆధారం దొరికింది. 2023 వేసవిలో బూసాన్‌లో జరిగిన ఆసియా కబడ్డీ చాంపియన్‌షిప్‌లో అతని నాయకత్వంలో భారతజట్టు గెలిచింది. అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్‌లో ఇరాన్‌పై 33–29 తేడాతో స్వర్ణం సాధించింది. పదో సీజన్ వేలం రెండు రోజుల తర్వాత, అక్టోబరు 9న ముంబైలో మొదలైంది. పాట సాగే నిమిషాల్లో వైద్యపరీక్షకు తావు ఉండదు. కానీ రెండు రోజుల కిందట అంతర్జాతీయ ఫైనల్ ఆడిన మోకాలికంటే మంచి వైద్యనివేదిక ఏముంటుంది? తెలుగు టైటాన్స్ 2.605 కోట్లకు పాట ముగించింది. లీగ్‌లో అది కొత్త రికార్డు.

టైటాన్స్‌కు ఈ సాహసం కొత్తది కాదు. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ను 1.45 కోట్లకు తీసుకొన్నది. ఎనిమిదో సీజన్‌కు 1.30 కోట్లతో అట్టిపెట్టుకొన్నది. ఆ సీజన్ ఆరంభంలోనే అతను గాయపడి తప్పుకున్నాడు. జట్టు 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. తొమ్మిదో సీజన్‌లో రెండే గెలిచి మళ్లీ అట్టడుగుకే చేరింది. 2023 వేలం నాటికి యాజమాన్యం ఎదుట ఉన్న పరిస్థితి ఇది: హైదరాబాద్ ప్రేక్షకులకు చూపడానికి ఒక ముఖం కావాలి, గెలుపు కావాలి. ఈ రెండింటినీ ఒకే మనిషిలో వెదకడం సహజమే.

అనుకున్న ప్రమాదం, రాని ఫలితం:
భయపడినది జరగలేదు. పదో సీజన్‌లో పవన్ మోకాలు తట్టుకొన్నది. అతను లీగ్‌లోని ముందువరుస రైడర్లలో ఒకడిగా ఆడాడు. అయినా టైటాన్స్ 22 మ్యాచ్‌లలో గెలిచినవి రెండే. వరుసగా మూడోసారి చివరిస్థానం.

దీనికి తొమ్మిదో సీజన్ తమిళ్ తలైవాస్‌ను పక్కన పెట్టి చూడాలి. అక్కడ భయపడినది తొలి మ్యాచ్‌లోనే జరిగింది. తార మంచం పట్టాడు. ఆ జట్టు మాత్రం తన చరిత్రలో మొదటిసారి సెమీఫైనల్ చేరింది. కొత్తగా వచ్చిన నరేందర్ కండోలా 200కు పైగా రైడ్ పాయింట్లు సాధించాడు. సాగర్, సాహిల్ గులియా వంటి యువ రక్షకులు వెనుక గోడ కట్టారు. గాయపడిన తారతో ఒక జట్టు సెమీస్‌కు వెళ్లింది. కోలుకొన్న అదే తారతో మరొక జట్టు అడుగున మిగిలింది. గాయం ప్రధాన కారణమైతే ఈ రెండు ఫలితాలు తారుమారు కావాలి.

కారణం కబడ్డీ నియమంలోనే ఉందని నేను అనుకొంటున్నాను. మన పల్లెభాషలో ఔటైనవాడు 'చచ్చాడు', తిరిగి వచ్చినవాడు 'బతికాడు'. చచ్చినవాడు తనంతట తాను బతకలేడు. అతని జట్టు పాయింటు సాధించి, ఔటైన వరుసలో అతని వంతు వస్తేనే మళ్లీ బరిలో దిగుతాడు. ఎంత గొప్ప రైడర్ అయినా మ్యాచ్‌లో కొన్నిసార్లు పట్టుబడతాడు. పట్టుబడిన తర్వాత అతన్ని బతికించవలసినది రెండో రైడరూ, రక్షణవరుసా. వారు పాయింటు తేలేకపోతే 2.605 కోట్ల ఆటగాడు నిమిషాల తరబడి గట్టు మీద కూర్చొంటాడు. గాయం లేకుండానే ఆటకు దూరమవుతాడు. ప్రత్యర్థులకు ఈ సంగతి తెలుసు. అందుకే అటువంటి జట్టుపై వ్యూహం ఎప్పుడూ ఒకటే: తారను ఒక్కసారి బయటికి పంపి, మిగిలినవారిని లెక్కపెట్టడం.

పదో సీజన్‌లో ప్రతి జట్టు పర్సు 5 కోట్లు. 2.605 కోట్లంటే అందులో 52 శాతం. మిగిలిన 2.395 కోట్లతో జట్టంతా నిండాలి. ఇక్కడొక చిన్న లెక్క వేయవచ్చు, ఊహాత్మకంగానే. తార మ్యాచ్‌కు 10 పాయింట్లు తెస్తాడనుకొందాం. అతని స్థానంలో దిగేవాడు 6 తెస్తే, తార లేని రోజు నష్టం 10 కాదు, 4 మాత్రమే. డబ్బంతా తారకే పోయి, బెంచీ మీద 3 పాయింట్లవాడే మిగిలితే నష్టం 7 అవుతుంది. మోకాలు అదే. గాయపడే అవకాశం అదే. అయినా గాయం ఖరీదు దాదాపు రెట్టింపైంది. దాన్ని పెంచినది కొనుగోలు ధరే. తారకు ఎక్కువ చెల్లించినకొద్దీ అతని గాయం మరింత ఖరీదైనదిగా మారుతుంది. పాట పాడే బల్ల దగ్గర ఈ రెండో లెక్కను ఎవరైనా వేస్తారా అన్నది నా అనుమానం.

ఒక అభ్యంతరం:
ఈ వాదానికి గట్టి ఎదురు ఉదాహరణ అదే వేలంలో ఉంది. పుణేరి పల్టన్ ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లూయీని 2.35 కోట్లకు కొన్నది. పర్సులో 47 శాతం. టైటాన్స్ వాటాకు పెద్ద తేడా లేదు. ఆ జట్టు పట్టికలో మొదటిస్థానంలో నిలిచి, 2024 మార్చి 1న మన గచ్చిబౌలి స్టేడియంలోనే హరియాణా స్టీలర్స్‌ను 28–25తో ఓడించి టైటిల్ గెలిచింది. మరుసటి ఏడాది అదే షాద్లూయీని హరియాణా 2.07 కోట్లకు తీసుకొని తానూ విజేత అయింది. అయితే తారకు సగం పర్సు పెట్టడం తప్పెలా అవుతుంది?

పుణే షాద్లూయీని కొనేనాటికి అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్, అభినేశ్ నటరాజన్ వంటి యువకులు అప్పటికే జట్టులో ఉన్నారు. తొమ్మిదో సీజన్ ఫైనల్ వరకు వచ్చిన జట్టు అది. ఏళ్ల తరబడి పెంచుకొన్న ఆటగాళ్లు కనుక వారికయ్యే ఖర్చు తక్కువ, ఆడే ఆట ఎక్కువ. పర్సులో మిగిలిన 53 శాతం కాగితం మీద చిన్నది. మైదానంలో పెద్దది. షాద్లూయీ వచ్చింది ఉన్న ఇంటికి కప్పు వేయడానికి. టైటాన్స్ పవన్‌తో పునాది నుంచి కప్పు దాకా కట్టించాలనుకొన్నది. మరొక తేడా కూడా గమనించదగినది: షాద్లూయీ ప్రధానంగా రక్షకుడు. రక్షకుడు ప్రత్యర్థి వేసే ప్రతి రైడ్‌లోనూ పనిలో ఉంటాడు, అతని పట్టు సొంత రైడర్లను బతికిస్తుంది. రైడర్ మీద పెట్టిన డబ్బుకు ఈ రెట్టింపు గుణం తక్కువ. వేలంలో రికార్డులు తరచుగా రైడర్ల పేరనే నమోదవుతాయి గానీ, ఆ ధరలు ఆట తర్కాన్నిబట్టి వచ్చినవా, టెలివిజన్ తెర తర్కాన్నిబట్టి వచ్చినవా అన్నది వేరే అధ్యయనానికి తగిన విషయం.

మంచు హాకీ నుంచి ఒక పోలిక:
గాయపడిన తారను తెచ్చుకోవడంలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఉత్తర అమెరికా మంచు హాకీలో ఉంది. అక్కడ పద్ధతి వేలం కాదు, బదిలీ. డబ్బుతో కాక, ఉన్న ఆటగాళ్లనూ రాబోయే యువ ఆటగాళ్లను ఎంపిక చేసుకొనే హక్కులనూ ఇచ్చి కావలసినవాణ్ణి తెచ్చుకొంటారు. బఫెలో సేబర్స్ కెప్టెన్ జాక్ ఐకెల్‌కు 2021 మార్చిలో మెడ డిస్కు జారింది. జట్టు వైద్యులు వెన్నుపూసలను కలిపివేసే శస్త్రచికిత్స చేయించుకోమన్నారు. అతను కృత్రిమ డిస్కు అమర్చుకొంటానన్నాడు. ఆ లీగ్ ఆటగాళ్లలో అంతకుముందెవరూ అది చేయించుకోలేదు. నెలల తరబడి వివాదం నడిచి, కెప్టెన్సీ కూడా పోయింది. 2021 నవంబరు 4న వేగాస్ గోల్డెన్ నైట్స్ అతన్ని తీసుకొన్నది. బదులుగా అలెక్స్ టక్, పేటన్ క్రెబ్స్ అనే ఆటగాళ్లను, రెండు ఎంపిక హక్కులను ఇచ్చింది. అతను కోరిన శస్త్రచికిత్సకు అంగీకరించింది.

ఇది మోకాలికంటే భయంకరమైన గాయం. మెడ. ముందు ఉదాహరణ లేని చికిత్స. అయినా ఈ కొనుగోలు ఫలించింది. 2022 ఫిబ్రవరిలో ఐకెల్ ఆటలోకి వచ్చాడు. ఆ వసంతంలో జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేకపోయింది. 2023 జూన్‌లో మాత్రం స్టాన్లీ కప్ గెలిచింది. ఆ ప్లేఆఫ్స్‌లో అత్యధిక పాయింట్లు సాధించినవాడు ఐకెలే. అదృష్టమని కొట్టిపారేయవచ్చు గానీ, ఒప్పందం స్వరూపం చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. ఐకెల్ వార్షికవేతనం కోటి డాలర్లు. ఆ ఏడాది జట్టు వేతనపరిమితి 8.15 కోట్ల డాలర్లు. అంటే 12 శాతం పైచిలుకు. ఒప్పందం 2026 వరకు ఉన్నది కనుక కోలుకోవడానికి పోయిన మూడు నెలలు మొత్తం కాలంలో చిన్న ముక్క. దీర్ఘకాలం గాయపడిన ఆటగాడి వేతనం మేరకు పరిమితి దాటి ఇతరులను తెచ్చుకొనే వెసులుబాటు కూడా అప్పటి ఆ లీగ్ నియమాల్లో ఉండేది. గాయం బరువును మోయడానికి అక్కడ మూడు భుజాలున్నాయి: కాలం, నియమం, తక్కిన జట్టు.

కబడ్డీ లీగ్‌లో సీజన్ నిడివి రెండు నుంచి మూడు నెలలు. మూడు నెలల గాయమంటే ఏడాది పెట్టుబడి మొత్తం. అందువల్ల హాకీలో సాహసం అనిపించుకొన్నది కబడ్డీలో జూదమవుతుంది, గాయం తీవ్రత తక్కువైనా సరే.

హైదరాబాద్‌లోనే మరొక కొనుగోలు:
2024 నవంబరులో జెడ్డా వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ మహమ్మద్ షమీని 10 కోట్లకు కొన్నది. 2023 ప్రపంచకప్‌లో ఏడు మ్యాచ్‌లలో 24 వికెట్లు తీసిన షమీ, ఆ తర్వాత చీలమండకు శస్త్రచికిత్స చేయించుకొని 2024 ఐపీఎల్‌కు పూర్తిగా దూరమయ్యాడు. వేలానికి కొద్దిరోజుల ముందే రంజీ పోటీతో తిరిగివచ్చాడు. పవన్ విషయంతో పోలిక స్పష్టమే. ఫలితం ఇక్కడా నిరాశే: 2025 సీజన్‌లో 9 మ్యాచ్‌లు, 6 వికెట్లు. పంజాబ్ కింగ్స్‌పై నాలుగు ఓవర్లలో 75 పరుగులు ఇచ్చుకొన్న రోజు కూడా అందులో ఉంది. కానీ 120 కోట్ల పర్సులో 10 కోట్లంటే ఎనిమిది శాతం పైచిలుకు మాత్రమే. ఆ పొరపాటు జట్టును కూల్చలేదు. పైగా 2025 నవంబరులో లక్నో సూపర్ జెయింట్స్ అదే 10 కోట్లకు అతన్ని బదిలీలో తీసుకొన్నది. చీలమండ మీద వేసిన పందెం ఓడిపోయినా, పెట్టిన సొమ్ము పర్సులోకి తిరిగివచ్చింది. కొనుగోలు తెలివైనదా కాదా అన్నదానికంటే అది తప్పితే తట్టుకోగలమా అన్న ప్రశ్నకు ఇక్కడ మంచి జవాబు దొరుకుతుంది.

పదకొండో సీజన్, తర్వాత:
2024 ఆగస్టు వేలంలో టైటాన్స్ పవన్‌ను వదలి, పాట ముగిశాక తుది ధరకు సరితూగే హక్కును వాడి 1.725 కోట్లకు మళ్లీ తెచ్చుకొన్నది. పర్సులో అతని వాటా 52 నుంచి 34.5 శాతానికి దిగింది. ఏడాదిలో 88 లక్షలు మిగిలాయి. కోచ్‌గా క్రిషన్ కుమార్ హుడా వచ్చారు. ఆ సీజన్ మధ్యలో పవన్ నిజంగానే గాయపడి పలు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. విజయ్ మాలిక్ నాయకత్వం చేపట్టాడు. టైటాన్స్ 22లో 12 మ్యాచ్‌లు గెలిచింది. ప్లేఆఫ్ అవకాశం కొద్దిలో తప్పి ఏడో స్థానంలో నిలిచింది. తార ఆరోగ్యంగా ఉన్న ఏడాది రెండు విజయాలు. గాయపడిన ఏడాది పన్నెండు. కొత్త కోచ్ ప్రభావాన్ని, ఇతర ఆటగాళ్ల ఎదుగుదలను తీసివేసి, ఈ పది విజయాల తేడాను పూర్తిగా పర్సుకే అంటగట్టడం సరికాదు. అయితే గాయం భయమే ప్రధానమైతే ఈ తేడా ఈ దిశలో ఉండడానికి వీల్లేదు.

2025 వేలంలో టైటాన్స్ ఈసారి హక్కును వాడలేదు. తమిళ్ తలైవాస్ పవన్‌ను 59.5 లక్షలకు కొన్నది. అంటే పర్సులో 12 శాతం, వేగాస్ ఐకెల్‌కు కేటాయించిన వాటాకు దాదాపు సమానం. నాలుగు వేలాల్లో ఒకే ఆటగాడి ధర 2.26 కోట్లు, 2.605 కోట్లు, 1.725 కోట్లు, 59.5 లక్షలు. మోకాలి చరిత్ర ఈ నాలుగు అంకెలను పాక్షికంగానే వివరిస్తుంది. అత్యధిక ధర పలికినది పెద్దగాయం తర్వాతి వేలంలోనే కదా. విజయ్ మాలిక్ నాయకత్వంలో టైటాన్స్ ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో ఆడింది.